పగిలిన పింగాణీ పెంకులు: మన చేన్లల్ల పడి ఉన్న కరెంటు చరిత్ర

ఈసారి పోస్టు కొంచెం పొడుగే. తీరిక చూసుకొని చదవండి.

దుక్కి దున్నేటప్పుడు కరెంటు స్తంభం పక్కన, గట్ల మీద, పాత మోటారు డబ్బా కాడ పింగాణీ పెంకులు దొరకడం మనందరికీ ఎరుకే. కొన్ని తెల్లగ, కొన్ని బెల్లం రంగులో ఉంటయి. ఒక దిక్కు అద్దం లెక్క నున్నగ మెరుస్తది. విరిగిన దిక్కు కత్తి లెక్క పదును. ఎద్దు గిట్టలో దిగుతదేమో, కూలికి వచ్చినోళ్ల కాళ్లు కోసుకుంటయేమో అని ఏరి గట్టు అవతల పారేస్తం. ఏరడం మంచి పనే. పారేసే ముందు ఒక్కసారి తిప్పి చూడండని చెప్పడానికే ఈ పోస్టు.

మన ఆత్మకూరు ఒకప్పుడు అమరచింత సంస్థానానికి రాజధాని. పక్కన గద్వాల, అటు వనపర్తి, ఇంకాస్త పోతే కొల్లాపూర్. ఈ సంస్థానాల కోటల మీద, గుడుల మీద, శాసనాల మీద రాసినోళ్లు ఉన్నరు. 1949లో జాగీర్ల రద్దుతో ఆ కాలం ముగిసింది. ఆ తర్వాత మన బతుకుల్ని తలకిందులు చేసినది ఏదంటే కరెంటే అని నేనంట. మోటబాయి కాడ ఎద్దుల్ని విప్పి మోటారు బిగించిన రోజు నుంచి పంట మారింది, పని వేళలు మారినయి, అప్పులు కూడా మారినయి. కానీ మన ఊరికి మొదటి తీగ ఏ ఏడు వచ్చింది, ఏ దిక్కు నుంచి వచ్చింది, మొదటి మోటారు ఎవరి బాయి మీద తిరిగింది అని అడిగితే చాలా ఊర్లల్ల రాసిపెట్టిన కాగితం చూపించేటోళ్లు లేరు. ఆ చరిత్రకు మిగిలిన శాసనం ఈ పెంకులే. అది కూడా ముక్కలైన శాసనం. ముక్కలు కూడగట్టి చదవాలె.

స్తంభం మీద అది చేసే పని

మనం పింగాణీ చిప్ప అన్నా, కప్పు అన్నా, లైన్‌మెన్ ఇన్సులేటర్ అన్నా ఒకటే. తీగలో పోయే కరెంటు స్తంభంలోకి, స్తంభం నుంచి భూమిలోకి దిగకుండా నడుమ అడ్డం నిలబడేది అది. తీగ బరువు మోస్తది, గాలికి ఊగే ఊపును ఆపుతది, కరెంటుకు దారి మూస్తది. ఎండకూ వానకూ ఏండ్ల తరబడి అట్లనే ఉంటది.

దానికి గొడుగు లెక్క అంచులు ఎందుకుంటయో ఎప్పుడన్నా గమనించిన్రా? వాన పడితే పైభాగం తడుస్తది, గొడుగు కింది లోపలి భాగం పొడిగ ఉంటది. తడి ఒకే ధారగ పై నుంచి కింది దాకా కలిస్తే కరెంటుకు దారి దొరికినట్టే. అది కలవకుండా ఆపేవే ఆ అంచులు. ఇంకో సంగతి. కరెంటు పింగాణీ పైపొర మీదుగ పాకాలంటే అంచు ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి పోవాలె. దారి ఎంత పొడుగైతే అంత భద్రం. అందుకే ఒక అంచు విరిగిందంటే ఆ దారి పొట్టిదైనట్టే. చలికాలం తెల్లారుజామున మంచు పడినప్పుడు, దుమ్ము పట్టిన చిప్పల కాడ చిటచిట చప్పుడు వినే ఉంటరు. అది కరెంటు ఆ దారి వెతుక్కునే చప్పుడే.

మోటార్ల కన్నా ముందే వచ్చిన కప్పులు

పింగాణీ కప్పులు మన దేశానికి కరెంటు మోటార్లతో రాలేదు. తంతి తీగలతో వచ్చినయి. ఓషానెసీ అనే డాక్టరు 1839లో కలకత్తాలో తంతి ప్రయోగం చేసిండు. 1850ల నడుమకు కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసులను తీగ కలిపింది. రైలు ఎక్కడ పోతే దాని పక్కపొంటి తంతి స్తంభాలు పోయినయి. మన దిక్కు నిజాం రైలు సికింద్రాబాద్ నుంచి గద్వాల దాకా 1916 నాటికి వచ్చింది. మదనాపురం కాడ ఉన్న వనపర్తి రోడ్డు స్టేషను ఆ దారి మీదిదే. మన ఇండ్లల్ల దీపం బుడ్డి వెలిగే కాలంలోనే రైలు కట్ట పక్కన తీగ మీద సంగతులు పరుగెత్తినయి. 2013 జూలైలో దేశంలో తంతి సేవ ఆగిపోయింది. ఆ స్తంభాలు ఎప్పుడో పోయినయి. పెంకులు మాత్రం మట్టిలో కరగవు.

తంతి కప్పును గుర్తుపట్టడం సులువు. చిన్నది, తెల్లది, బోర్లించిన గ్లాసు లెక్క ఉంటది. లోపల ఇంకో చిన్న గ్లాసు బోర్లించినట్టు రెండో గొడుగు ఉంటది. లోపలి గోడకు మరలు ఉంటే, అంటే నట్టులో ఉన్నట్టు తిరుగుడు గాడి ఉంటే, అది 1870ల్లో ఇంగ్లండులో కోర్డో అనే ఆయన పేటెంటు తీసుకున్న పద్ధతి. అంతకు ముందు ఇనుప కడ్డీని సిమెంటుతో పింగాణీలో పాతేసేది. కప్పు పగిలితే కడ్డీ కూడా వ్యర్థం. మరలు వచ్చినంక పగిలిన కప్పు విప్పి కొత్తది బిగిస్తే సరిపోయింది. పొలం పనోళ్లకు ఇది వెంటనే అర్థమైతది: పిడి విరిగితే కొడవలి మొత్తం పారేస్తమా?

కరెంటు కప్పులు

కరెంటు కథ వేరే. తంతికి చిన్న కప్పు చాలు. వేల వోల్టులకు చాలదు. అమెరికాలో ఫ్రెడ్ లాక్ అనే ఆయన రైల్వేలో తంతి పని చేసి, తర్వాత 1890ల్లో ఎక్కువ వోల్టేజీకి తట్టుకునే పింగాణీ కోసం వెంటపడ్డడు. మన పక్క రాష్ట్రంలో, కావేరి మీద శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు 1902లోనే దాదాపు 147 కిలోమీటర్ల లైను వేసిన్రు. తర్వాత 1907 ప్రాంతంలో అమెరికాలో హ్యూలెట్, బక్ అనే ఇద్దరు పళ్లెం లెక్క ఉండే చిప్పల్ని ఒకదాని కింద ఒకటి వేలాడదీసే పద్ధతి కనిపెట్టిన్రు. ఇయ్యాల జూరాల కాడి టవర్ల మీద కనిపించే చిప్పల గొలుసులకు మూలం అదే. వోల్టేజీ పెరిగితే గొలుసుకు చిప్పలు కలుపుకుంట పోవుడే. మీరే లెక్కపెట్టండి: 33 కేవీ లైనుకు మూడు చిప్పలు, 132 కేవీకి తొమ్మిదో పదో, 220 కేవీకి పద్నాలుగు అటు ఇటు.

హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గు కరెంటు కేంద్రం 1920లో మొదలైంది. అది నగరానికే. దాన్ని కూడా 1990ల్లో కూల్చేసిన్రు. మన పల్లెలకు కరెంటు రావడం ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడినంక, ఇంకా ఎక్కువగ 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చి అప్పులిచ్చినంక జోరందుకుంది. 1982లో శ్రీశైలం కుడిగట్టు మొదటి యూనిట్ తిరిగింది. మన కండ్ల ముందర ఎగువ జూరాలలో 39 మెగావాట్ల యూనిట్లు ఆరు 2008 నుంచి 2011 దాకా, మన మండలం మూలమళ్ల కాడ దిగువ జూరాలలో 40 మెగావాట్ల యూనిట్లు ఆరు 2015, 2016ల్లో వచ్చినయి. ఒకప్పుడు తీగ చివర ఉన్న మనం ఇప్పుడు తీగ మొదట్ల ఉన్నం. ఈ రెండింటి నడుమ నడిచిన కాలమంతా ఏ సైజు చిప్పలు, ఏ కంపెనీవి, ఏ ఏటివి అని మట్టిలో వరుసగ పడి ఉంది.

పెంకులో ఉన్నది మన రాయే

పింగాణీ అంటే ఎక్కడో చీనా వస్తువు అనుకుంటం. కరెంటు పింగాణీలో పాత లెక్క ప్రకారం దాదాపు సగం తెల్లమట్టి, పావు ఫెల్‌స్పార్, పావు పలుగురాయి పొడి. పలుగురాయి మన గుట్టల్లో, చేన్లల్ల ఎంత ఉందో మీకు నేను చెప్పాల్నా? మన పాత పాలమూరు జిల్లా పలుగురాయికి, ఫెల్‌స్పార్‌కు గనులున్న జిల్లానే. ఈ మూడింటినీ మెత్తగ నూరి, నీళ్లతో ముద్ద చేసి, గాలి బుడగ లేకుండ పిసికి, సారె మీద రూపు తీసి, ఆరబెట్టి, పైన రంగు పూత ఇచ్చి 1200 డిగ్రీల పైన కాలుస్తరు. ఆ వేడికి ఫెల్‌స్పార్ కరిగి మట్టి కణాల నడుమ సందులన్నీ నింపుతది. అందుకే మన కుండ నీళ్లు పీలుస్తది, పింగాణీ పీల్చదు. బెల్లం రంగు పూతలో ఉండేది ఇనుము, మాంగనీసు లాంటి ఖనిజాలే.

మొదట్ల ఈ కప్పులు ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చేవి. స్టాఫర్డ్‌షైర్ కుమ్మరి పట్టణాల్లో బుల్లర్స్, టేలర్ టనిక్లిఫ్ లాంటి కంపెనీలు చేసేవి. జపాన్‌లో 1919లో పుట్టిన ఎన్జీకే కూడ ప్రపంచమంతా అమ్మింది. మన దేశంలో మైసూరు ప్రభుత్వం బెంగళూరులో పింగాణీ కర్మాగారం పెట్టింది. అది 1976లో భెల్‌లో కలిసింది. పెంకు మీద సగం చెరిగిన ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తే అవి ఇట్లాంటి పేర్లలోని ముక్కలు కావచ్చు.

పెంకును ఎట్ల చదవాలె

ముందు అక్షరాలు చూడండి. 11 కేవీ, ఆ పైన వోల్టేజీల పింగాణీకి మన దేశ ప్రమాణం ఐఎస్ 731. దాని ప్రకారం తయారీదారు పేరో గుర్తో, తయారైన ఏడు చిప్ప మీద ఉండాలె. వేలాడే చిప్పల మీద ఎంత లాగుడుకు తట్టుకుంటదో కూడ రాస్తరు. ఆ అంకె 45, 70 అని కిలోన్యూటన్లలో ఉంటే కొత్త కాలంది. పౌండ్లలో ఉంటే పాతది, ఎందుకంటే దేశంలో మెట్రిక్ కొలతలు వచ్చింది 1950ల చివర్ల నుంచి. ఏడు ఉన్న ఒక్క పెంకు దొరికితే చాలు. ఆ లైను అంతకన్నా ముందు వేసింది కాదని, లేకపోతే కనీసం ఆ చిప్ప అంతకు ముందు ఎక్కలేదని గట్టిగ చెప్పొచ్చు.

తర్వాత ఆకారం. నడుమ రంధ్రం, చుట్టూ గాడి ఉన్న డమరుకం లెక్కది ఇండ్లకు, మోటార్లకు పోయే తక్కువ వోల్టేజీ లైనుది. దాన్ని షాకిల్ అంటరు. రెండు మూడు గొడుగులతో నెత్తిన గాడి ఉండేది 11 కేవీ పిన్నుది. ఇనుప టోపీతో పళ్లెం లెక్కది డిస్కు. కోడిగుడ్డు లెక్క ఉండి రెండు బొక్కలు అడ్డదిడ్డంగ ఉండేది స్టే వైరుది. తెల్లటి పెట్టె లెక్కది ఫ్యూజు కటౌటు. ఒక చేనులో ఏవేవి దొరికినయో చూస్తే అక్కడ నుంచి ఏ లైను పోయిందో తెలుస్తది. స్తంభం ఇప్పుడు లేకపోయినా సరే.

మూడోది, విరిగిన ముఖం. దాని మీద ఒక సిరా చుక్క వేసి కొంచెం సేపాగి కడగండి. మరక పోతే బాగా కాలిన గట్టి పింగాణీ. లోపలికి ఇంకితే సరిగ కాలని పింగాణీ, అది పాత పద్ధతిది కావడానికి వీలుంది.

నాలుగోది, ఎట్ల పగిలింది. బయటి అంచు గవ్వ ఆకారంలో లేచిపోతే దెబ్బ బయట నుంచి తగిలినట్టు. పిల్లలు రాయి విసిరినా, మోసేటప్పుడు తగిలినా అట్లనే పోతది. సన్న బొక్క పడి దాని చుట్టూ కాలిన గుర్తు ఉంటే కరెంటే లోపలి నుంచి పొడుచుకొని పోయింది, పిడుగు పడ్డప్పుడు అయ్యే పని అది. నడుమ కడ్డీ నుంచి బయటికి సూర్యకిరణాల లెక్క పగుళ్లు పోతే సిమెంటు ఏండ్లకేండ్లు ఉబ్బి పింగాణీని చీల్చింది. పాత చిప్పలకు ఇది పెద్ద జబ్బు. ఒక పెంకు వాన రాత్రిని చెప్తది, ఇంకోటి నలభై ఏండ్ల మెల్లని చావును చెప్తది.

అతికించుడు: అలంపూర్ చెప్పిన పాఠం

ముక్కల్ని కూడగట్టి నిలబెట్టిన పెద్ద పని మనకు దగ్గర్లనే జరిగింది. కృష్ణా, తుంగభద్ర కలిసే కాడ కూడవెల్లిలో చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయం ఉండేది. శ్రీశైలం నీళ్లల్ల మునుగుతదని ఆ గుడిని రాయి రాయి విప్పి, తీసుకొచ్చి అలంపూర్‌లో మళ్లీ కట్టిన్రు. కరెంటు కోసం కట్టిన డ్యాం వల్ల గుడి కదలాల్సి వచ్చింది. దాని రాళ్లు తమ తమ చోట్లల్లనే కూర్చున్నయి, ఎందుకంటే ఏ రాయి ఎక్కడిదో లెక్క తప్పకుండ పెట్టుకున్నరు. గుడికైనా కప్పుకైనా సూత్రం అదే: ముందు లెక్క, తర్వాత అతుకు.

చేసేటోళ్ల కోసం పద్ధతి చెప్త.

ఒక చోట దొరికినవన్నీ ఒక సంచిలో వేయండి, వేరే చోటివి కలపకండి. మట్టిని జల్లెడ పట్టండి. పల్లికాయ ఏరినంత ఓపిక కావాలె, ఎందుకంటే గోరంత ముక్క లేకున్నా సందు తెలుస్తది. చేతికి మందం గ్లౌజులు తప్పనిసరి. సబ్బు నీళ్లతో, పాత పండ్ల బ్రష్షుతో కడిగి, రెండు రోజులు నీడకు ఆరనివ్వండి. విరిగిన ముఖం మీద మట్టి కణం ఉన్నా అతుకు కూర్చోదు. ఇనుము తుప్పు మరక ఉంటే నిమ్మ ఉప్పు నీళ్లల్ల నానబెట్టి బాగా కడగండి.

ఆరినంక పరిచి వేరు చేయండి: నెత్తి ముక్కలు, మెడ గాడి ముక్కలు, అంచు ముక్కలు. రంగు పూత, మందం, వంపు చూసి జతలు కట్టండి. ప్రతి ముక్క లోపలి దిక్కు పెన్సిలుతో అంకె వేసి ఫోటో తీయండి. జిగురు ముట్టకుండ ముందు కాగితపు టేపుతో మొత్తం నిలబెట్టి చూడండి. ఇక్కడే అసలు చిక్కు ఉంది. రెండు ముక్కలు తొందరపడి అతికిస్తే వాటి నడుమ కూర్చోవాల్సిన మూడో ముక్కకు దారి మూసుకుపోతది. ఏది ముందు, ఏది వెనుక అనే వరుస రాసుకున్నంకనే జిగురు కలపండి.

జిగురుకు టక్కున పట్టేవి వద్దు. సరిచేసుకునే టైము ఇయ్యవు. రెండు ట్యూబులు కలిపే నిదానం అరాల్డైట్ మేలు. పలుచగ రాయండి. ప్రతి అతుకులో వెంట్రుక మందం జిగురు మిగిలినా, చివరి అంచు కాడికి వచ్చేసరికి అంతా కలిసి సందు అయితది. అతికిన దాన్ని ఇసుక తట్టలో బరువు సమంగ పడేటట్టు నిలబెట్టి ఒక రోజు ముట్టుకోకండి. మ్యూజియంలలో ఎప్పుడైనా కరిగించి విప్పడానికి వీలున్న జిగురు వాడతరు. తర్వాత తరమోళ్లకు ఇంకా మంచి పద్ధతి దొరికితే సరిచేయాలె గదా అని వాళ్ల ఆలోచన.

దొరకని ముక్కల జాగ ఏం చేయాలె? ఇక్కడ కుమ్మరి సారె మనకు సాయం చేస్తది. గుండ్రని వస్తువు ఏ దిక్కు కోసినా ఒకటే ఆకారం. బాగున్న దిక్కు వంపును అట్ట మీద గీసి కత్తిరించుకోండి. ఖాళీ జాగలో ఎం-సీల్ ముద్ద నింపి, ఆ అట్టను చుట్టూ తిప్పితే పోయిన భాగం అదే ఆకారంలో వస్తది. గట్టిపడినంక నీళ్లు తడిపిన ఎమరీ కాగితంతో నున్నగ చేయండి. పొడిగ అరగదీస్తే లేచే దుమ్ములో పలుగురాయి పొడి ఉంటది, ఊపిరితిత్తులకు చేటు. రాళ్ల మిల్లుల్లో పనిచేసి దగ్గుతో పోయినోళ్లను మనం చూసినం.

రంగు వేసేటప్పుడు అసలు దానికన్నా కొంచెం లేతగ వేయండి. దూరం నుంచి చూస్తే నిండుగ కనిపించాలె, దగ్గరికి వస్తే ఏది పాతదో ఏది నింపిందో తెలవాలె. అమెరికాలో ఈ కప్పులు సేకరించేటోళ్లకు 1973 నుంచి ఒక సంఘమే ఉంది. అతుకు దాచి అసలుదని అమ్మడం వాళ్లలో తప్పు కింద లెక్క. మనకు అమ్ముడు లేదు, కొనుడు లేదు. అయినా చరిత్రకు అబద్ధం ఎందుకు?

ఇది మాత్రం గట్టిగ వినండి

అతికిన చిప్ప అరలో పెట్టుకోవడానికే. మళ్లీ స్తంభం ఎక్కించడానికి కాదు. చూడ్డానికి ఎంత గట్టిగున్నా అతుకు సందులో తడి చేరుతది. కరెంటు పాకితే జిగురు కాలి బొగ్గయితది, ఆ బొగ్గే కరెంటుకు దారి. లైను లాగుడు బరువుకు అతుకు విడిపోతే తీగ చేనులో పడుతది. లైన్‌మెన్ రాలేదని, సామాన్ లేదని ఎవరన్నా అతికిన ఫ్యూజు కటౌటు గాని, షాకిల్ గాని బిగిస్త అంటే ఆపండి. మన ప్రాణమే కాదు, తెల్లారి నీళ్లు పెట్టడానికి పోయే జీతగాని ప్రాణం, గడ్డికి పోయే బర్రె ప్రాణం దాని మీద ఉంటయి.

స్టే వైరుకు ఉండే గుడ్డు గురించి ఇంకో మాట. ఆ రెండు బొక్కల్లో పోయే తీగలు ఒకదాంట్ల ఒకటి మెలేసి ఉంటయి, నడుమ గుడ్డు నలుగుతుంటది. గుడ్డు పగిలినా తీగ ఊడదు, స్తంభం పడదు. కానీ అప్పుడు రెండు తీగలు ఒకదానికొకటి తాకుతయి. పైన కరెంటు తీగ జారి స్టేకు తగిలిందంటే కింది దాకా కరెంటు వస్తది. గుడ్డు బాగుంటే ఆ కరెంటు పైననే ఆగుతది. స్టే వైరుకు బర్రెను కట్టేసే అలవాటు ఇప్పటికీ చూస్తున్నం. స్తంభం కింద గుడ్డు పెంకులు కనిపిస్తే అది చరిత్ర కాదు, హెచ్చరిక. ముట్టుకోకుండ 1912కు ఫోన్ చేసి స్తంభం నంబరు చెప్పండి. అట్లనే అంచు విరిగిన చిప్ప పైన కనిపిస్తే కూడా.

పెంకులు కూడా మన చేనులో పడ్డవే తీసుకోండి. స్తంభం మీదివి, శాఖ వాళ్ల కుప్పలోవి, రైలు కట్ట మీదివి మనవి కావు. లైను సామాన్ ఎత్తుకపోవుడు 2003 కరెంటు చట్టం 136వ సెక్షన్ కింద నేరం. శాఖ తీసేసిన పాతది కావాలంటే సెక్షన్ ఆఫీసులో అడిగి, చీటీ రాయించుకొని తెచ్చుకోండి.

ఇప్పుడే ఎందుకు

ఇప్పుడు కొత్త లైన్లకు పింగాణీ జాగలో పాలిమర్ ఇన్సులేటర్లు వస్తున్నయి. తేలిక, రాయి తగిలినా పగలవు. మంచిదే. కానీ దించిన పాత చిప్పలు పాత సామాన్ల కొట్టుకు పోతున్నయి. అక్కడ పింగాణీకి విలువ లేదు. సుత్తెతో కొట్టి ఇనుప పిన్ను, టోపీ తీసుకొని, మిగిలింది గుంతల్లో పోస్తరు. పేరు, ఏడు ఉన్న ముక్క కూడా అందులోనే పోతది. ఒకసారి రోడ్డు కింద పడ్డంక ఏ ఊరి పెంకో, ఏ లైనుదో చెప్పడం ఎవరి తరం కాదు. పెంకుకు విలువ ఎక్కడ దొరికిందో తెలిసినంత వరకే.

రెండోది, మనుషులు. మొదటి స్తంభాలు పాతినప్పుడు గుంతలు తవ్వినోళ్లు, బండ్ల మీద స్తంభాలు మోసినోళ్లు, మొదటి మోటారుకు పసుపు కుంకుమ పెట్టినోళ్లు ఇప్పుడు ఎనభై దాటి ఉన్నరు. పెంకు ఏడు చెప్తది, ఎవరు తెచ్చిన్రో చెప్పదు. ఆ మాట చెప్పగలిగినోళ్లు ఇంకొన్నేండ్లే ఉంటరు.

అందుకని ఊరికి ఒక్క చిన్న పని. పంచాయతీ ఆఫీసులోనో, బడిలోనో ఒక అర అడగండి. అందులో అతికిన చిప్ప ఒకటి, అతకని పెంకులు కొన్ని పెట్టండి. పక్కన చీటీ మీద నాలుగు లైన్లు రాయండి: ఏ చేనులో దొరికింది, ఏ తారీఖున, దాని మీద ఉన్న అక్షరాలు, అంకెలు. కింద పెద్ద అక్షరాలతో "అతికినది, కరెంటుకు పనికిరాదు" అని తప్పకుండ రాయండి. ఇంట్ల పాత కరెంటు బిల్లు, మోటారు సర్వీసు కాగితం ఉంటే దాని జిరాక్స్ కూడా పెట్టండి. పాత సర్వీసు నంబర్ల వరుస చూస్తే ఎవరి బాయికి ముందు లైను పోయింది, ఏ వాడకు ఎన్నేండ్లు ఆలస్యమైంది అన్నది కూడా బయటపడుతది. అది కొందరికి నచ్చకపోవచ్చు. అయినా అది మన ఊరి చరిత్రే.

ఈ దుక్కిలో మీకు ఏడు ఉన్న పెంకు గాని, ఇంగ్లిషు అక్షరాలున్న ముక్క గాని దొరికితే రెండు దిక్కులా ఫోటో తీసి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి, ఊరి పేరు రాసి ఈ పోస్టు కింద పెట్టండి. అన్నీ ఊర్ల వారీగ ఒక కాడ చేర్చుదాం. ఇంట్ల పెద్దమనుషులు ఉన్నోళ్లు ముందు వాళ్లనే అడగండి, పెంకులు ఇంకొన్నాళ్లు ఆగుతయి.